మునిరత్నం ఆపరేషను, కస్తూరి కడుపు

మా అక్క మనవరాలు నర్సు చదువు ముగించి తిరుత్తణి పక్కన ఒక సబ్‌సెంటరులో చేరింది. చేరిన కొత్తలోనే ఫోను చేసి, "అవ్వా, ఈడ అందరూ ఒకే మాట అడగతా ఉండారు. ఈ మాత్ర వేసుకుంటే ఖాయంగా కడుపు నిలవదు కదా, ఈ లూపు పెట్టుకుంటే ఖాయంగా నిలవదు కదా అని. నేనేం చెప్పేది?" అనింది. ఫోనులోనే గదమాయించినా. "ఖాయం అనే మాట మాత్రం నీ నోట్లోనుంచి రాకూడదు, వస్తే నీ వీపు చీరేస్తా" అన్నా. ఫోను పెట్టేసినాక పాపం అనిపించింది. కొత్త పిల్ల, ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల కదా. అందుకే ఇది రాస్తా ఉండాను.

నాకు ఏ గ్రేడు ఎప్పుడొచ్చింది, ఏ అధికారి చేత్తో సర్టిఫికెట్టు తీసుకున్నా అనేది ఈడ రాయను. అవన్నీ బీరువాలో ఉండాయి, చెదలకు పనికొస్తాయి. మా పక్క పిల్లలకు తమిళంలో రాస్తేనే చదవడం సులభం, నాకు తెలుసు. అయినా నేను ఆ ఇండ్లలో విన్న ఏడుపులూ నవ్వులూ తెలుగులో విన్నా, తెలుగులోనే రాస్తా. చదవలేకపోతే మీ అమ్మల చేత చదివించుకోండి, వాళ్ళు గూడా రెండు ముక్కలు తెలుసుకుంటారు.

మాత్ర, లూపు

కడుపు రాకుండా చూసుకునే మార్గాలు మనకు చానా ఉండాయి. మాత్ర, సూది, లూపు, నిరోధ్, ఆపరేషను. అన్నీ మంచివే, అన్నీ పనిచేస్తాయి. నేనే నా కొడుకు పుట్టినాక లూపు పెట్టుకోని ఏండ్ల తరబడి నిశ్చింతగా ఉన్నా. కానీ ఏదీ నూటికి నూరు కాదు. ఆపరేషను గూడా కాదు. అది తప్పడం చానా అరుదు, అయినా లేకుండా లేదు. ఇంక మాత్ర అయితే పెట్టె మీద రాసినట్టు మింగితేనే పనిచేస్తుంది. పెట్టె మీద రాసినోడికి మన అత్తలు, మన ఒక్కపొద్దులు, మన జాతరలు యాడ తెలుసు?

ఆర్.కె.పేట పక్కన ఒకామె ఉండేది. మొగుడు లారీ డ్రైవరు, పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. ఆమెకు మాత్రలిచ్చి, దినానికి ఒకటి మింగమని చెప్పి వచ్చినా. మూడోనెల కడుపుతో వచ్చి నా మీద ఎగిరింది, నీ మాత్రలు నకిలీ అని. ఎట్లా మింగినావు చెప్పు తల్లీ అంటే, "ఆయన ఊర్లో ఉండే దినాల్లో మింగినాక్కా. లేనప్పుడు మింగితే దండగ కదా?" అనింది. నవ్వాల్నో ఏడవాల్నో తెలీలేదు. తిరువాలంగాడులో ఇంకొకామె శుక్రవారం శుక్రవారం మాత్ర వదిలేసేది. ఒక్కపొద్దు దినం కడుపులోకి నీళ్ళు తప్ప ఇంకేమీ పోగూడదంట. అంత నిష్ఠ గల మనిషిని ఏమని తిట్టేది? మాత్ర మింగినా స్వామికి కోపం రాదని పూజారి చేతనే చెప్పించినా.

లూపు పెట్టుకుంటే అది పైకెక్కి గుండెలో గుచ్చుకుంటుందని భయపడేవాళ్ళు ఇప్పటికీ ఉండారు. వాళ్ళకు పుస్తకంలో బొమ్మ చూపించవద్దు, బొమ్మ చూస్తే ఇంకా భయపడతారు. నేను వాళ్ళ ఇంట్లోదే ఒక చెంబు తీసుకోని, అందులో నిమ్మకాయ వేసి, "ఇది చెంబు దాటి యాడికి పోతుందో నువ్వే చెప్పు" అనేదాన్ని. నవ్వేవాళ్ళు. నవ్వినామె మరుసటి వారం తప్పకుండా వచ్చేది.

డాక్టరమ్మ ప్రశ్న

మా ఆరోగ్య కేంద్రానికి మదురై పక్కనుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. తెలుగు రాదు. వచ్చిన నాలుగు ముక్కల్లో ఒకటి "ఇంటికి పోయి ఏం చేస్తావు?" అనేది. మాత్ర ఇచ్చినా, సూది వేసినా, ఆపరేషను చేసి పంపించినా, ఆ ప్రశ్న అడగకుండా మనిషిని గడప దాటనిచ్చేది కాదు. అర్థమైందా అని మాత్రం ఎప్పుడూ అడిగేది కాదు. అర్థమైందా అంటే అందరూ తలకాయ ఊపుతారు, మర్యాదకోసం. ఇంటికి పోయి ఏం చేస్తావో చెప్పమంటేనే మనిషి మనసులో ఏముందో బయటికొస్తుంది. ఇది ఏ క్లాసులోనూ నాకు చెప్పలేదు.

ఒకతూరి ఆపరేషనుకు భయపడే ఒకామెకు నేను, "ఇంక ఈ జన్మలో నీకు ఆ బాధ లేదు పో, నేను రాసిస్తా" అన్నా. ధైర్యం చెప్పాల కదా అని. డాక్టరమ్మ తెర పక్కకు లాగి అందరి ముందరే అరిచింది తమిళంలో. నువ్వు ఖాయమని చెప్పేసి బస్సెక్కి ఇంటికి పోతావు, అది తప్పిపోతే ఆ ఇంట్లో నిన్ను అడగరు, నన్ను అడగరు, ఆ ఆడమనిషిని నిలబెట్టి అడుగుతారు, అనింది. నాకు రోషం వచ్చి ఆమెతో చానా దినాలు ముఖమిచ్చి మాట్లాడలేదు. కోపం నాకు ముక్కుమీదే ఉంటుంది, అందరికీ తెలుసు. ఆమె బదిలీ అయి పోయినాక, ఆ మాట ఎంత నిజమో మునిరత్నం ఇంట్లో నా కండ్లతో చూసినా.

చెరుకు ట్రాక్టరు మునిరత్నం

మునిరత్నం వాళ్ళది కే.జీ.కండిగై దాటి లోపలికి పోతే వచ్చే ఒక పల్లె. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు గూడా మార్చినాను. ఈ కతలో బిడ్డా తల్లీ ఏమయినారో అని మీరు గాబరా పడకుండా అది ముందే చెప్పేస్తా. ఇద్దరూ క్షేమం. తిరువళ్ళూరులో ముందుగానే దినం చూసి ఆపరేషనుతో బిడ్డను తీసినారు, ఆడబిడ్డ, వల్లి అని పేరు పెట్టినారు, ఇప్పుడు వాగుతా వాగుతా బడికి పోతా ఉంది. ఆ ఇంట్లో చెయ్యి జారిపోబోయింది వేరే. పెండ్లాం కస్తూరి మీద మునిరత్నానికి ఉండే నమ్మకం.

మునిరత్నానికి చెరుకు తోట, కొంచెం మల్లెతోట, సొంత ట్రాక్టరు. మాట తక్కువ మనిషి. పెండ్లాం కస్తూరి, మునిరత్నం వాళ్ళమ్మ రాజమ్మకు సొంత అన్న కూతురు. అంటే మేనత్తే అత్త. ఇద్దరు ఆడబిడ్డలు, ఇద్దరూ పొట్ట కోసి తీసిన బిడ్డలే. రెండో కాన్పులో కస్తూరికి రక్తం చానా పోయి, రెండు సీసాలు ఎక్కించినాక గానీ కండ్లు తెరవలేదు. మూడోది వొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పినారు. అప్పుడే ట్యూబులు కట్టేసి ఉంటే సరిపొయ్యేది. కానీ పుట్టిన బిడ్డ బలహీనం, అద్దాల పెట్టెలో పెట్టినారు. "ఈ బిడ్డ నిలబడేది చూసి చేసుకుందాంలే నర్సమ్మా" అనింది రాజమ్మ. ఆయమ్మకు మనవడు కావాలనే ఆశ ఉండింది, నేను కాదనను. కానీ ఆ మాట మాత్రం ఆశతో అనింది కాదు, భయంతో అనింది.

బిడ్డ నిలబడింది. నేను మళ్ళా పోయి ఆపరేషను మాటెత్తితే రాజమ్మ, "మళ్ళా కోతా? దాని వొంట్లో ఏముండాదని కోస్తారు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకునింది. మునిరత్నం పంచలో కూర్చోని ఏదో బోల్టు తుడస్తా అంతా విన్నాడు.

ఆ తర్వాత కొన్ని దినాలకు సబ్‌సెంటరు ముందర ట్రాక్టరు ఆగింది. దిగినోడు గడప దాకా వచ్చి నిలబడి, తువ్వాలతో మొగం తుడుచుకోని, "అక్కా, మొగోళ్ళకు గూడా ఉండాదంట కదా?" అన్నాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నా ఉద్యోగంలో ఒక మొగోడు తనంతట తాను వచ్చి ఆ మాట అడగడం ఎంత అరుదో మీకు తెలీదు. కొయ్యడం గూడా పెద్దగా లేదు, చిన్న గాటు, సాయంత్రానికి ఇంటికొచ్చేయొచ్చు, మొగతనానికి ఏమీ కాదు అని అంతా చెప్పినా. "అవన్నీ నాకు తెలుసక్కా. మా అమ్మకు మాత్రం తెలియకూడదు. ఊర్లో గూడా" అన్నాడు. ఊరంటే ఊరే కదా. ఫలానావాడు కోయించుకున్నాడంట అని తెలిస్తే టీ అంగడి కాడ వాడికి కొత్త పేరు పెట్టేస్తారు. నేను జతలో పోతే ఆ పేరు ఇంకా తొందరగా వస్తుంది. అందుకని వొంటిగా పోయి, ఒక క్యాంపులో చేయించుకోని వచ్చినాడు. తెలిసింది ముగ్గురికే, వాడికి, కస్తూరికి, నాకు.

ఆడ చెప్పాల్సింది చెప్పినారు, వాళ్ళ తప్పు ఏమీ లేదు. మూడు నెలలు జాగ్రత్తగా ఉండాల, నిరోధ్ వాడాల, తర్వాత వీర్యం టెస్టు చేసుకోని అందులో కణాలు ఏమీ లేవని తేలినాకే నిశ్చింత అన్నారు. నిరోధ్ పొట్లాలు గూడా ఇచ్చినారు. అర్థమైందా అంటే వీడు తలకాయ ఊపినాడు. ఇంటికి పోయి ఏం చేస్తావయ్యా అని అడిగినోళ్ళు లేరు.

స్వామి ఇచ్చినాడు

ఆడికృత్తిక కావళ్ళ పండగ ముగిసి తిరుత్తణి కొండ కింద జనమంతా ఇండ్లకు పోయిన నెలన్నరకు, ఒక పొద్దున కస్తూరి సబ్‌సెంటరుకు వచ్చింది. చిన్నబిడ్డను చంకలో వేసుకోని నడిచే వచ్చింది. బెంచీ మీద కూర్చునింది. మొగం చూస్తేనే నాకు తెలిసిపోయింది. టెస్టు పట్టీలో రెండు గీతలు పడినాయి. ఆ పిల్ల ఏడవలేదు. నా చెయ్యి పట్టుకోని, "అక్కా, ఆయన ఏమనుకుంటాడు?" అని మాత్రం అడిగింది.

నేను గట్టిగా, "ఏమనుకుంటాడు? ఆపరేషను చేసుకున్నా ఒక్కొక్కతూరి ఇట్లా అవుతుందనుకుంటాడు. నేను చెప్తాను" అన్నా. ఇంకొక సంగతి గూడా ఆమెకు చెప్పినా, మీరు గూడా తప్పకుండా చెప్పాల. జాగ్రత్తపడినా నిలిచిన కడుపును, తల్లి వొద్దనుకుంటే, గడువులోగా ఆసుపత్రిలో తీయించుకోవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది. ఉంచుకున్నా తగిన ఆసుపత్రిలో కాపాడతారు. అది తేల్చాల్సింది కస్తూరి, అత్త కాదు, మొగుడు కాదు, నర్సు అసలే కాదు.

కస్తూరి బిడ్డ తల నిమిరింది. "తీయించుకుంటే తప్పు చేసి దాచుకున్నా అనుకుంటాడు. ఉంచుకుంటే ఎవరి బిడ్డనో పెంచతా ఉండా అనుకుంటాడు. ఏం తేల్చుకోమంటావు అక్కా?" అనింది. మొగుడికి తానే చెప్తానని లేచి ఇంటికి పోయింది.

చెప్పింది. వాడు తిట్టలేదు, కొట్టలేదు. సరే అని ట్రాక్టరు తీసుకోని తోటకు పోయినాడు. ఆ దినం నుంచి మోటారు షెడ్డులోనే పడక. అన్నం గూడా పెద్దబిడ్డ చేత తెప్పించుకోని ఆడే తినేవాడు. "తిట్టినా బాగుండునక్కా, ఎదురు మాట్లాడుదును. ఏమీ అనని మనిషితో ఎట్లా పోట్లాడేది?" అని కస్తూరి నా కాడ వాపోయింది.

ఇదంతా ఇట్లుంటే రాజమ్మ సంగతి వేరు. కోడలు వాంతి చేసుకోవడం చూసి తనే కనిపెట్టేసింది. చేతులెత్తి కొండ వైపు దండం పెట్టింది. "నా కొడుకు మాల వేసుకోని, కాలికి చెప్పు లేకుండా కావడి ఎత్తినాడు. స్వామి చూసినాడు, స్వామి ఇచ్చినాడు" అని ఇల్లిల్లూ తిరిగి చెప్పుకునింది. డాక్టర్లు వొద్దన్నారు కదత్తా అని కస్తూరి అంటే, ఇచ్చినోడే కాపాడతాడు అనింది. వచ్చే నెల కృత్తికకు కొండెక్కి మొక్కు తీర్చి బంధువులకు అన్నం పెట్టాలని పొయ్యిలోకి కట్టెలు గూడా సిద్ధం చేసుకునింది. ఆ ఇంట్లో ఒకరు పండగ చేసుకుంటా ఉంటే, ఇద్దరు లోలోపల కాలిపోతా ఉన్నారు.

పైపులో నీళ్ళు

నేను మోటారు షెడ్డుకే పోయినా. కస్తూరి నాకు మరదలు లెక్క, వాడు తమ్ముడి లెక్క, నాకేం మొహమాటం? "ఏం రా, ఇంట్లో దోమలు ఎక్కువయినాయా?" అని అడిగినా. తలకాయ వంచుకున్నాడు.

"ఆపరేషను గట్టిగానే చేసింటారు కదక్కా?" అన్నాడు చివరికి.

"చేసింటారు. నువ్వు టెస్టుకు పోయినావా?"

పోలేదు. ఎందుకు పోలేదంటే, తిరుత్తణిలో టెస్టు చేసే చోట వాడికి బామ్మర్ది వరస అయినోడు పనిచేస్తాడు. వాడి కంటపడితే సాయంత్రానికి సంగతి ఊరికొస్తుంది. సరే, మూడు నెలలు జాగ్రత్తగా ఉండమన్నారు కదా, ఎట్లా ఉన్నావు చెప్పు అన్నా. డాక్టరమ్మ ప్రశ్నే, ఆలస్యంగా అడిగినా.

"అక్కా, నేను లెక్క చూసుకోనే చేయించుకున్నా. గాటు మానిన వెంటనే మాల వేసుకున్నా. మాల వేసుకోనుంటే పెండ్లాం పక్కకు పొయ్యేది యాడ? రెండు మండలాల దీక్ష, మూడు నెలలకు పైనే, కొండకు పోయి కావడి దించేదాకా నిష్ఠగా ఉన్నా. అది సరిపోదా?"

పాపం, ఎంత నిజాయితీగా ఉన్నాడో అంత పొరపాటు. వాళ్ళు చెప్పిన జాగ్రత్తనూ, స్వామికి మొక్కిన దీక్షనూ వీడు ఒక్కటే అనుకున్నాడు. దూరంగా ఉంటే చాలు, కాలమే పని ముగిస్తుందనుకున్నాడు. మన పక్కన మాల వేసుకునే ఏ మొగోడయినా ఇట్లనే అనుకుంటాడు.

షెడ్డులో మోటారు ఆడతా ఉండింది. నేనే పోయి స్విచ్చి ఆపినా. పైపు చివర నీళ్ళు ఇంకా కాసేపు మడిలోకి పడతానే ఉన్నాయి. "చూడు. మోటారు ఆపేసినా పైపులో ఉండే నీళ్ళు ఉండనే ఉంటాయి కదా. నీ ఆపరేషను మోటారు ఆపడం. పైపులో నిలిచింది అంతా పోవాల, అందుకే మూడు నెలలు, అందుకే నిరోధ్ వాడతా కాపురం చెయ్యమన్నది. నువ్వు వాల్వు బిగించి పెట్టుకోని కూర్చున్నావు. మాల తీసినాక వాల్వు తెరిచినావు."

వాడు నీళ్ళు ఆగేదాకా పైపునే చూస్తా ఉన్నాడు. నమ్మాలని ఉంది, నమ్మడానికి భయం. "తిరువళ్ళూరుకు పోయి టెస్టు చేసుకో, అక్కడ నిన్నెవరూ గుర్తుపట్టరు" అన్నా.

"టెస్టులో ఏమీ లేదని వస్తే? అప్పుడు నేనేం చేసేదక్కా? దాన్ని వదిలిపెట్టి నేను బతకలేను. పక్కన పెట్టుకోనూ బతకలేను. ఇట్లా తెలియకుండా ఉంటేనే మేలు."

కోపంతో వచ్చినదాన్ని, ఆ మాటతో నా కోపమంతా దిగిపోయింది. ఆ మనిషికి కస్తూరి అంటే ప్రాణం. ప్రాణం గనకనే అంత భయం. పక్కన కూర్చోని మెల్లగా చెప్పినా. "అబ్బోడా, బాగా విను. ఇవాళ చేసే టెస్టు ఇవాళ్టి సంగతి చెప్తుంది. ఏమీ లేదని వచ్చినా, మాల తీసిన దినాల్లో పైపులో ఏముండిందో ఇప్పుడు ఏ మిషనూ చెప్పలేదు. టెస్టు ఇంక ముందు నువ్వెట్లా జాగ్రత్త పడాల్నో తెలుసుకోవడానికి. నీ పెండ్లాన్ని తూకం వెయ్యడానికి కాదు. దాన్ని నమ్మేది లేనిది నువ్వే తేల్చుకోవాల."

మీకు గూడా ఇదే చెప్తాను, గట్టిగా పట్టుకోండి. ఆపరేషను తప్పిన ఇంట్లో టెస్టు పేరుతో ఆడమనిషిని బోనులో నిలబెట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో నర్సులు గూడా ఉంటారు. తప్పిపోవడం మందుకూ మనిషి శరీరానికీ మధ్య జరిగేది. అది ముందే చెప్పి పెడితే ఆ ఇంట్లో ఇన్ని దినాల నరకం ఉండదు.

కస్తూరికి పోయి టెస్టు మాట చెప్తే ఆ పిల్ల మొగం ఎర్రగా చేసుకునింది. "చేసుకోమను, ఆయన వొంటికి మంచిది. కానీ టెస్టు చూసి నన్ను నమ్మేవాడయితే, ఆ నమ్మకం నాకెందుకక్కా? చిన్నప్పట్నుంచి ఈ ఇంట్లో ఆడుకున్నదాన్ని, నేనెట్లాంటిదాన్నో ఒక టెస్టు సీసా చెప్పాల్నా?" అనింది. ఆ దినమే, బిడ్డను ఉంచుకుంటానని గూడా చెప్పింది. ఆయన నమ్మినా నమ్మకపోయినా నా బిడ్డే కదా అనింది.

కృత్తిక భోజనం

మునిరత్నం పొద్దున్నే తిరుత్తణిలో రైలెక్కి తిరువళ్ళూరుకు పోయి టెస్టుకు ఇచ్చి వచ్చినాడు. నాకు తెలిసిన డాక్టరు ఒకాయన చూసి ఫోను చేస్తానన్నాడు. ఆ ఫోను రాకముందే కృత్తిక వచ్చింది. రాజమ్మ కొండకు పోయి పాలు పోసి మొక్కు తీర్చుకోని వచ్చింది. మధ్యాహ్నానికి పంచలో విస్తళ్ళు వేసినారు. నన్ను గూడా పిలిచినారు, నేను పోయినా.

మునిరత్నం సాంబారు బకెట్టు పట్టుకోని వడ్డిస్తా ఉన్నాడు. కస్తూరి వంటింట్లో ఉంది. రాజమ్మ గడపలో కూర్చోని, ఈ తూరి మొగబిడ్డే అని చెప్పుకుంటా ఉంది. మునిరత్నం చిన్నాయన ఒకాయన పప్పన్నం కలుపుకుంటా, "కావడి ఎత్తినందుకు స్వామి బాగా పలికినాడు రా నీకు" అని ఎకసెక్కంగా నవ్వినాడు.

మునిరత్నం బకెట్టు కింద పెట్టినాడు.

"చిన్నాయనా, అమ్మా, ఒక మాట. నేను ఆపరేషను చేసుకున్నా."

"ఏం ఆపరేషను రా?" అనింది రాజమ్మ గాబరాగా, కడుపులో ఏదైనా జబ్బేమో అని.

"బిడ్డలు పుట్టకుండా మొగోళ్ళకు చేసేది. మాల వేసుకునే ముందు చేసుకున్నా."

ఎవరో కిసుక్కున నవ్వినారు, తమాషా అనుకోని. తర్వాత నవ్వు ఆగిపోయింది. చిన్నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అట్లయితే ఈ కడుపు..." అని ఆగినాడు. పంచలో తలకాయలన్నీ వంటింటి వైపు తిరిగినాయి. అయ్యో పాపిష్టోడా, నలుగురిలో పెట్టి ఏం చేస్తివిరా అనుకున్నా.

"ఈ బిడ్డ నాదే" అన్నాడు మునిరత్నం. మాట తక్కువ మనిషి, ఆ దినం ఆగకుండా మాట్లాడినాడు. "ఆపరేషను చేసుకున్నాక ఎట్లా జాగ్రత్తగా ఉండాల్నో చెప్పినారు, నేను తప్పుగా అర్థం చేసుకున్నా. తప్పు నాది. ఈ సంగతి రేపు ఎట్లాగూ మీ చెవిన పడుతుంది. అప్పుడు కస్తూరిని ఒక్క మాట అనకూడదు మీరు. అందుకే నా నోటితో నేనే చెప్తా ఉండా. నవ్వుకోవాలంటే నన్ను చూసి నవ్వుకోండి."

ఎవరూ నవ్వలేదు. రాజమ్మ లేచి వాడి ముందరకొచ్చింది. "మొగబిడ్డవు, నీకెందుకురా కోత?" అనింది.

"దాని పొట్ట రెండుతూర్లు కోసినారు కదమా. మూడోతూరి నన్ను కొయ్యమన్నా."

రాజమ్మ వంటింటి వైపు తిరిగి, "కస్తూరీ!" అని అరిచింది. కస్తూరి గడపలోకి వచ్చింది. చేతిలో అప్పడాల గంప అట్లే ఉంది.

"వీడు కోయించుకున్నది నీకు తెలుసునా?"

"తెలుసత్తా."

"తెలిసి, నేను స్వామి ఇచ్చినాడని ఊరంతా తిరగతా ఉంటే, ఇంత భారం ఒక్కదానివే మోసుకోని ఈ ఇంట్లో తిరిగినావా? నేను నీకు అత్తనే గానీ మేనత్తను కాదా?" అని చేతిలో గంప లాక్కోని, భుజం పట్టి విస్తరి ముందర కూర్చోబెట్టింది. "తిను. పొద్దున్నుంచి ఏమీ తినలేదు నువ్వు." బంధువుల వైపు తిరిగి, "ఏం చూస్తారు? సాంబారు చల్లారిపోతా ఉంది. స్వామి ఇచ్చినాడని నేనన్నది అబద్ధమేం కాదు. డాక్టరు కత్తిని గూడా దాటుకోని వచ్చింది నా మనవడు" అనింది. పుట్టింది మనవరాలు, అది వేరే సంగతి. ఆ మాటతో అందరూ నవ్వినారు, చిన్నాయన గూడా.

మునిరత్నం బకెట్టు ఎత్తుకోని మళ్ళా వడ్డించినాడు. కస్తూరి విస్తరిలో వడ్డించేటప్పుడు సాంబారు విస్తరి బయట పడింది. ఆ పిల్ల తలెత్తలేదు.

అందరూ తిని లేచి పెరట్లో చేతులు కడుక్కుంటా ఉంటే నా ఫోను మోగింది. తిరువళ్ళూరు డాక్టరు. వీర్యకణాలు ఇంకా ఉండాయమ్మా, ఆ మనిషిని జాగ్రత్తగా ఉండమని చెప్పి, మళ్ళా పంపించు అన్నాడు. తర్వాత రెండుతూర్లు చేసిన టెస్టుల్లో ఏమీ లేదని తేలింది. ఆపరేషను బాగానే చేసినారు, పైపు ఖాళీ కాలేదంతే. కానీ ఆ దినం నా చేతిలో ఉండింది ఆ ఒక్క మాటే. ఆనందంగా ఇద్దరినీ మల్లెతోట గట్టుకు పిలుచుకోని పోయి చెప్పినా.

మునిరత్నం తలకాయ ఊపినాడు. "సరే అక్కా. మళ్ళా ఎప్పుడు పోవాల్నో చెప్పు, పోతా. ఈలోపల జాగ్రత్తగా ఉంటా" అని, రాజమ్మ పిలుస్తా ఉంటే బానలు ఎత్తడానికి పోయినాడు.

అప్పుడు కస్తూరి గట్టుమీద కూలబడి ఏడ్చింది. రెండు గీతలు చూసినప్పుడు ఏడవలేదు, మొగుడు షెడ్డులో పడుకున్నప్పుడు ఏడవలేదు, అత్త అరిచినప్పుడు ఏడవలేదు. ఇప్పుడు కొంగు నోట్లో కుక్కుకోని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పక్కన కూర్చోని వీపు నిమరతా, "ఇంకేంటికే ఏడుపు పిచ్చిదానా, డాక్టరే చెప్పినాడు కదా, నీమీద ఇంక మాట లేదు" అన్నా.

"డాక్టరు మాటకు కాదక్కా" అనింది. "ఆయన ఆ ఫోను రాకముందే నాదే అని చెప్పేసినాడు."